కారణం గారి రెండు ఉత్తరాలు

గవర్నరు గారికి ఒక బిల్లు నచ్చలేదనుకోండి, సంతకం పెట్టకుండా ఊరుకుంటే సరిపోదు. ఎందుకు నచ్చలేదో కాగితం మీద రాసి, దాన్ని బిల్లుకి జోడించి శాసనసభకి తిప్పి పంపాలి. ఈ కథ జరిగిన దేశపు రాజ్యాంగంలో ఈ సంగతి ఒకే ఒక్క వాక్యంలో ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని నమ్ముకుని ఒక మనిషి ఇరవై తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేశాడు.

గవర్నరు కచేరీ మూడో అంతస్తులో, మెట్ల పక్కన ఆయన గది. తలుపు మీద "ప్రతుల విభాగం" అని బోర్డు. ఎవరైనా చూస్తే, పాపం ఎవరో రాసింది ఈయన శుభ్రంగా తిరగరాస్తుంటాడు కాబోలు అనుకుంటారు. లోపల జరిగేది వేరు. కింద గవర్నరు గారు "ఇది వద్దు" అని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకుంటే, ఎందుకు వద్దో బుర్ర బద్దలుకొట్టుకుని రాసేది ఈయన. అందుకే కచేరీలో ఆయన్ని అందరూ "కారణం గారు" అనేవారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు.

ఆరుగురు గవర్నర్లు మారారు, కారణం గారు మారలేదు. ఒకాయనకి ఏ కారణమైనా అర పేజీ దాటకూడదు, దాటితే ఆవలింతలు వచ్చేవి. ఇంకొకాయనకి మూడు కారణాలు ఉండి తీరాలి, ఒకటి బలంగా ఉన్నా సరే, తతిమ్మా రెండూ వెతికి పెట్టాలి. అందరికీ వాళ్ళ వాళ్ళ కొలతకి రాసిచ్చేవాడు. చెయ్యి తిరిగిన మనిషి మరి.

ఆయన లెక్కలో కారణాలు రెండు రకాలు. తలుపున్న కారణం, గోడ కారణం. వెనకటికి బస్సుల్లో కుక్కల్ని ఎక్కించుకోవచ్చని ఒక బిల్లు వచ్చింది. "కుక్క మూతికి తొడుగు ఉండాలో లేదో బిల్లులో చెప్పలేదు" అని రాస్తే అది తలుపున్న కారణం. సభ వాళ్ళు తొడుగు ముక్క చేర్చి మళ్ళీ పంపుతారు, బిల్లు లోపలికొస్తుంది. అదే "మూగజీవాల మేలు కోరేవాడిగా, రద్దీ బస్సుల్లో వాటి అవస్థ తలుచుకుంటే నాకు చెయ్యి ఆడటం లేదు" అని రాస్తే అది గోడ. కుక్కని ప్రేమించేవాడు కూడా దానికి బదులు చెప్పలేడు. మంచి గోడకి లక్షణం ఏమిటంటే, కట్టిన గోడ కనబడకూడదు. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పే వీల్లేదు.

ఎందుకంటే ఉద్యోగంలో చేరిన రోజే అప్పటి సెక్రటరీ పిలిచి, ఈ గదిలో ఏం రాసినా అవి గవర్నరు గారి మాటలేననీ, ఈయనకి చెయ్యి ఉంది గానీ నోరు లేదనీ చెప్పి ప్రమాణం చేయించాడు. కొందరికి ప్రమాణం ఆ పూటతో సరి. ఈయనది పట్టుకుంటే వదలని తత్వం. కట్టుకున్న భార్యకి కూడా ఏనాడూ నోరు విప్పి చెప్పలేదు. ఆవిడ దృష్టిలో మొగుడు ప్రతులు రాసే గుమాస్తా. ఎవరో రాసిందే మళ్ళీ రాస్తూ కూర్చుంటారు కదా, విసుగు పుట్టదా అని అప్పుడప్పుడు వేళాకోళం చేసేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆవిడది పెద్ద బట్టల దుకాణంలో ఉద్యోగం. రెండో అంతస్తులో కర్టెన్ల కౌంటరు. పొద్దున్న పదింటికి నిలబడితే రాత్రి ఎనిమిదింటిదాకా నిలబడటమే. పందొమ్మిదేళ్ళ సర్వీసు. మీ కిటికీ ఏ వైపు ఉంది, ఎండ ఎప్పుడొస్తుంది అని రెండు ప్రశ్నలడిగి, ఏ గుడ్డ నప్పుతుందో చెప్పేసేది. కొనడానికొచ్చినవాళ్ళు ఆవిడనే వెతుక్కుంటూ వచ్చేవారు. అన్నీ బాగానే ఉన్నాయి, కూర్చోవడానికే లేదు. అమ్మే మనిషి కూర్చుని ఉంటే కొనే మనిషి వెనక్కి తిరిగి పోతాడని యజమాని నమ్మకం. అలమరకి కాస్త ఆనుకున్నా చాలు, అవతలి చివర సూపర్‌వైజరు బల్ల మీద గంట మోగించేవాడు. పని లేకపోయినా నిలబడాలి. ఆ గంట ఎవరి కోసం మోగిందో అంతస్తులో అందరికీ తెలిసేది.

పందొమ్మిదేళ్ళూ కాళ్ళల్లోకి దిగాయి. మోకాళ్ళ కింద నరాలు నీలంగా ఉబ్బిపోయాయి. ఇంటికి రాగానే నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ గోడకి ఎత్తిపెట్టి అరగంట కదిలేది కాదు. ఆయన టీ పెట్టి తెచ్చి పక్కనే నేల మీద కూర్చునేవాడు. రోజంతా ఏమేం జరిగిందో ఆవిడ గోడకేసి చూస్తూ చెప్పేది, ఆయన వినేవాడు. ఇద్దరికీ అదే తీరిక, అదే సరదా. డాక్టరు మాత్రం ఖండితంగా చెప్పేశాడు. మధ్యమధ్య కూర్చోకపోతే ఇంకో ఏడాదికో రెండేళ్ళకో చర్మం పగిలి పుళ్ళు పడతాయి, పడితే మానవు, ఆ తర్వాత నిలబడమన్నా నిలబడలేదు అని. వేరే దుకాణం చూసుకుందామంటే అన్ని చోట్లా అదే తంతు.

ఇలా ఉండగా శాసనసభలో ఒక బిల్లు పుట్టింది. పెట్టినావిడ ఒకప్పుడు చెప్పుల దుకాణంలో పనిచేసి, యూనియన్లో తిరిగి, సభ్యురాలైన మనిషి. నిలబడి పనిచేసేవాళ్ళు ఉన్న ప్రతి దుకాణంలోనూ మనిషికో స్టూలు వేయాలి, కొనేవాళ్ళు లేనప్పుడు కూర్చుంటే ఎవరూ వద్దనకూడదు. ఇంతే బిల్లు, ఒకటిన్నర పేజీ. పత్రికలవాళ్ళు దానికి "స్టూలు బిల్లు" అని పేరు పెట్టి పడీపడీ నవ్వారు. సభలో బొటాబొటీగా నెగ్గింది. అక్కణ్ణుంచి గవర్నరు గారి బల్ల మీదకి వచ్చింది.

అప్పటి గవర్నరు చెడ్డవాడేం కాదు. జడ్జీగా చేసి రిటైరైన పెద్దమనిషి, ఎవర్నీ "నువ్వు" అనేవాడు కాదు. కాకపోతే చట్టమంటే ఆయనకి మహా గౌరవం, ఆ గౌరవానికి స్టూలు తగదనిపించింది. ఇవాళ స్టూళ్ళ జోలికి పోతే ప్రభుత్వం రేపు దువ్వెనల జోలికి పోతుందన్నాడు. కారణం గారిని పిలిపించి, ఈ బిల్లు మళ్ళీ తన బల్ల ఎక్కకుండా రాయమన్నాడు. అంటే గోడ కట్టమన్నాడన్నమాట.

కారణం గారు పైకొచ్చి కూర్చున్నాడు. పెన్సిలు చెక్కాడు. చెక్కిందే మళ్ళీ చెక్కాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన ఏ బిల్లు విషయంలోనూ తనా పరా అనుకోలేదు, ఇది మాత్రం ఇంట్లో గోడకి కాళ్ళు ఎత్తిపెట్టుకుని ఉంది. చివరికి రాశాడు. పైనంతా బరువైన భాష, చట్టం హుందాతనం, రాజ్యం బాధ్యత, అదీ ఇదీ. లోపల అసలు అభ్యంతరం ఒక్కటే. స్టూలు ఎత్తు ఎంతో, నడిచే దారికి అడ్డం రాకుండా ఎక్కడ వేయాలో బిల్లులో లేదు, కొలత చెప్పని చట్టాన్ని అమలు చేయలేం అని. గోడ కట్టమంటే తలుపు పెట్టాడు, ఆ తలుపుకి గోడ రంగే పూశాడు. గవర్నరు గారు చదివి, భేష్ అని సంతకం పెట్టారు.

ఇక చూస్కోండి, ఆయన పాట్లు. ఉత్తరం సభకి వెళ్ళింది. సభలో గోల చేశారు, బల్లలు చరిచారు, సగం మంది బయటికి నడిచారు. బయటికి నడిచినవాళ్ళు పత్రికలవాళ్ళతో గవర్నరు పేదల పగవాడన్నారు. అన్నీ చేశారు గానీ ఆ ఉత్తరం చదివిన పాపాన ఒక్కడూ పోలేదు. తిప్పి పంపిన కాగితం తిప్పి పంపినట్టే ఉంది. పది రోజులు గడిచాయి. సమావేశాలు ముగియడానికి ఇంక మూడు వారాలు కూడా లేవు, ముగిశాయంటే బిల్లు దానంతటదే చచ్చినట్టే. కారణం గారికి ఒళ్ళు మండిపోయేది. ఇన్నేళ్ళుగా తను రాసినవన్నీ ఎవరి కోసం రాసినట్టు అని మొదటిసారి అనుమానం వచ్చింది.

చదివింది ఎవరయ్యా అంటే ఆయన భార్యే. ఒక పత్రికవాడు లోపలి పేజీలో చీమల్లాంటి అక్షరాల్లో ఉత్తరం మొత్తం అచ్చేశాడు. గుండీల కౌంటరావిడ ఆ కాగితం తెచ్చి ఈవిడ చేతిలో పెట్టింది. ఈవిడ దాన్ని ఇంటికి తెచ్చి, కాళ్ళు గోడకి పెట్టి, కాగితం మొహానికి దగ్గరగా పట్టుకుని ఆసాంతం చదివింది. రెండోసారి పైకి చదివింది.

"ఏమండీ, వీళ్ళంతా ఆయన వద్దన్నాడంటున్నారు గానీ, ఇందులో వద్దన్న మాట ఎక్కడా లేదే. ఎత్తెంతో చెప్పమంటున్నాడు. చెప్తే సరిపోతుంది కదా?"

 కారణం గారికి లేచి ఆవిణ్ణి ఎత్తుకుని గిర్రున తిప్పాలనిపించింది. నాకేం తెలుసు, నేను ప్రతులు రాసేవాణ్ణి అని టీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయాడు. అక్కడ కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఒక్కడే నవ్వుకున్నాడు.

మర్నాడు ఆవిడ కర్టెన్లు కొలిచే టేపు తీసుకుని గోడౌన్లో ఉన్న మూడు రకాల స్టూళ్ళూ కొలిచింది. పొట్టివాళ్ళనీ పొడుగువాళ్ళనీ కూర్చోబెట్టి చూసింది. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, కౌంటరు వెనక గోడ వైపు, దారికి రెండడుగులు వదిలి అని తేల్చింది. సెలవు రోజున ఎనిమిది మంది ఆడవాళ్ళు ఆ కాగితం పట్టుకుని సభ్యురాలి ఇంటికి వెళ్ళారు. సభ్యురాలు గవర్నరు ఉత్తరం అప్పుడు చదివి నెత్తి కొట్టుకుంది. వారంలో కొలతలు చేర్చి బిల్లు మళ్ళీ పెట్టారు. కిందటిసారి కంటే ఎక్కువ మందే చేతులెత్తారు.

బిల్లు మళ్ళీ గవర్నరు గారి బల్ల ఎక్కింది. కారణం గారికి కబురొచ్చింది. మంగళవారం పొద్దున. గవర్నరు గారికి ఇందులో ఏ అనుమానమూ రాలేదు. ఎత్తు అడిగాం, వాళ్ళు చెప్పారు, బాగానే ఉంది, ఇప్పుడు ఇంకో కారణం రాయండి అన్నారు, చాలా మర్యాదగా.

కారణం గారు తన నోటి నుంచి వస్తుందని తనే అనుకోని మాట అనేశాడు.

"కారణం కనబడటం లేదండి."

గవర్నరు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. కోప్పడతారనుకుంటే కోప్పడలేదు. పోనీండి, అండర్ సెక్రటరీ గారు రాస్తారులెండి అని ఇంకో ఫైలు తెరిచారు. అంతే. ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత ఒక మనిషి ఒక్కసారి కాదన్నాడు, ఫ్యాను కూడా ఆగలేదు. అయినా ఆ రోజు కారణం గారు బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచి వెళ్ళాడు. తలెత్తుకుని నడిచాడు. ఏమిటండీ ఇవాళ హుషారు అని భార్య అడిగితే ఏం లేదన్నాడు గానీ, ఏం లేకపోవడం మొహంలో కనబడలేదు.

అండర్ సెక్రటరీ మత్స్యశాఖ నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. యాభై దాటిన మనిషి, వలల కన్నుల కొలతల మీద నిబంధనలు రాసి పేరు తెచ్చుకున్నాడట. బుధవారం పదకొండింటికి చిత్తుప్రతి పట్టుకుని మూడో అంతస్తుకి వచ్చాడు. మూడున్నర పేజీలు. విషయమంతా వచ్చేసింది, భాష ఒక్కటి కాస్త చూసిపెట్టండి అని వినయంగా అడిగి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

కారణం గారు చదివాడు. తలా తోకా లేదు. స్టూలు వేస్తే ఆడవాళ్ళకి బద్ధకం వస్తుందని మొదటి పేజీలో, అసలు వాళ్ళకి కూర్చోవాలనే లేదని రెండో పేజీలో. మూడో పేజీలో, నిలబడటం ఆరోగ్యానికి మంచిదని. చెప్పుల దుకాణం సభ్యురాలు దీన్ని సభలో పైకి చదివితే చాలు, సభంతా ఒక్కసారి గొల్లున నవ్వుతుంది. గవర్నరు కాదన్న బిల్లుని సభలో మూడింట రెండొంతుల మంది మళ్ళీ నెగ్గిస్తే ఇక ఆయన సంతకంతో పనే లేదు. ఈ ఉత్తరం పుణ్యమా అని ఆ రెండొంతులూ అదే రోజు సాయంత్రానికి వచ్చేస్తాయి. కారణం గారికి ఇది అరచేతిలో గీతలా తెలుసు. చేయాల్సిందల్లా "బాగుందండీ" అని కాగితం తిరిగి ఇచ్చేయడం. అలా అనడానికి లేచాడు కూడా.

లేచినవాడు లేచినట్టు నిలబడి మొదటి వాక్యం ఇంకోసారి చూశాడు. మరీ ఘోరంగా ఉంది. గవర్నరు కచేరీ నుంచి ఇలాంటి వాక్యం వెళ్ళడమా అనిపించింది. ఆ ఒక్కటి సరిచేద్దాంలే అని పెన్సిలు తీశాడు. అది సరిచేస్తే రెండోది దానికి అతకలేదు. బద్ధకం మాట కొట్టేశాడు. అది కొట్టేస్తే పేరా కూలింది. "అబ్బే, ఇలా కాదు" అన్నాడు పైకే, గదిలో ఎవరూ లేకపోయినా. కూర్చున్నాడు. కొత్త కాగితం తీశాడు. భోజనాల గంట మోగింది, వినబడలేదు. ఈ రెండు రోజులూ తనకి కనబడని కారణం అప్పుడు కనబడింది, నిండుగా, ఏ సందూ లేకుండా.

నాలుగింటికి అండర్ సెక్రటరీ వచ్చేసరికి అతను రాసి తెచ్చిన దాంట్లో తారీఖు తప్ప ఏమీ మిగల్లేదు. ఒక్క పేజీ. అందులో గవర్నరు గారు దుకాణాల్లో నిలబడే ఆడవాళ్ళ బాధ తలుచుకుని నొచ్చుకున్నారు. వాళ్ళ కాళ్ళు ఎలా ఉబ్బుతాయో, నరాలు ఏ రంగుకి తిరుగుతాయో రాశారు. ఆ తర్వాత, మరి వంటశాలల్లో నిలబడేవాళ్ళ మాటేమిటి, గేటు దగ్గర కాపలావాళ్ళ మాటేమిటి, ఇస్త్రీ చేసేవాళ్ళ మాటేమిటి అని అడిగారు. దుకాణాల పేరు ఒక్కటే చట్టంలో ఉంటే, పేరు లేనివాళ్ళకి కూర్చునే హక్కు లేదని రేపు యజమానులు వాదిస్తారు. పదిమందిని కూర్చోబెట్టి వెయ్యిమందిని చట్టప్రకారం నిలబెట్టే పాపం నేను చేయలేను, నిలబడి పనిచేసే ప్రతి ఒక్కరినీ లెక్కలోకి తీసుకుని సమగ్రంగా పరిశీలించాక, అందరికీ కలిపి ఒక్కటే చట్టం తెండి, సంతోషంగా సంతకం పెడతాను. ఇదీ ఉత్తరం.

అండర్ సెక్రటరీ చదివి కళ్ళు తుడుచుకున్నాడు. చెప్పొద్దూ, కారణం గారికి పరమానందమైంది. ఇంత మంచి గోడ ఆయన జన్మలో కట్టలేదు. కాగితం కిందికి వెళ్ళిపోయింది, ఆయన ఆ సంతోషంలోనే బల్ల సర్దుకుని, డబ్బా విప్పి పొద్దుటి భోజనం సాయంత్రం తిని, బస్సెక్కాడు.

బస్సు బట్టల దుకాణం ఎదురుగా సిగ్నలు దగ్గర ఆగింది. రెండో అంతస్తు అద్దాల్లోంచి కర్టెన్ల కౌంటరు కనబడుతుంది. కొనేవాళ్ళెవరూ లేరు. ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటూ. అప్పుడు తెలిసింది ఆయనకి తనేం చేశాడో. సిగ్నలు పడకముందే బస్సు దిగేసి, రోడ్డుకి అడ్డంపడి, ఆయాసపడుతూ కచేరీకి పరిగెత్తాడు. గేటు దగ్గర కాపలా అతను, కవరు అయిదింటికే సభకి వెళ్ళిపోయింది సార్ అని నిలబడి చెప్పాడు.

సభలో సభ్యురాలు గంటన్నర పోట్లాడింది. కానీ చేతులెత్తుతామని మాటిచ్చినవాళ్ళే, గవర్నరు గారు మనకంటే ఎక్కువ అడుగుతుంటే కాదని ఎలా ఓటేస్తామమ్మా అన్నారు. మూడింట రెండొంతులకి తొమ్మిది ఓట్లు తక్కువయ్యాయి. సమగ్ర పరిశీలనకి ఒక కమిటీ వేశారు. అలాంటి కమిటీలు ఏమవుతాయో కారణం గారికి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ మాట ఉత్తరంలో పెట్టింది అందుకే. ఆయనకి సిగ్గేసింది. తనని ఎవరూ బలవంతపెట్టలేదు, బెదిరించలేదు. తప్పుల తడకని తప్పుల తడకలా వదిలేయడం చేతకాలేదు, అంతే. దీన్ని ఎవరికి చెప్పుకుంటాడు?

ఆ వారం సెలవు రోజు మధ్యాహ్నం ఆవిడ నేల మీద పడుకుని రెండో ఉత్తరం చదివింది. కౌంటర్లలో కొందరు అది చదివి ఏడ్చారట, గవర్నరు గారిది ఎంత మంచి మనసో అని. ఈవిడ ఏడవలేదు. ఒకసారి చదివి, మళ్ళీ చదివి, కాగితం గుండెల మీద పెట్టుకుని కాసేపు గోడనే చూసింది. ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు.

"ఇది ఆయన రాసింది కాదండీ," అంది.

"ఎవరు?"

"మొదటి ఉత్తరం రాసినాయన. రెండింటి కిందా గవర్నరు సంతకమే గానీ, రాసిన చేతులు వేరు. ఆయన ఇంట్లో ఎవరో నిలబడి పనిచేసే మనిషి ఉండి ఉంటుంది. మాకు దూరడానికి ఎంత సందు కావాలో అంతే వదిలాడు. ఇది రాసినాయన ఎవరో గానీ నా కాళ్ళు చూసినట్టే రాశాడు. అంతా తెలుసు ఈయనకి. తెలిసే మూసేశాడు."

కారణం గారు టీ చల్లారిపోతోందని చెప్పబోయి ఆగిపోయాడు.

"ఆ మొదటాయన్ని పాపం తీసేసుంటారు. మా తరఫున రాశాడని తెలిసిపోయి ఉంటుంది," అని ఆవిడ తల తిప్పి మొగుణ్ణి చూసింది. "మీ కచేరీలోనే కదా, మీకు తెలుసా ఆయన?"

"తెలుసు," అన్నాడు. "బుధవారం నాలుగింటికి తీసేశారు."

"అయ్యో," అంది ఆవిడ, నిజంగానే బాధపడి.